గుర్రానికి పేరుంది, మనిషికి లేదు

ఇంగ్లీషు లెక్చరర్లుగా కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ రోజుల్లో పిల్లలు శ్రద్ధగా వినేవాళ్ళట కదా మేడం" అంటారు. వినేవాళ్ళు కాదు. అరవై రెండులో నేను చేరినప్పుడూ వినలేదు, తొంభైలో దిగిపోయినప్పుడూ వినలేదు. సత్తెనపల్లి బస్సు ఎప్పుడొస్తుందో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. ఆ కాస్త సమయంలో ఒక్క వాక్యమైనా వాళ్ళ చేత నిజంగా చదివించడమే మన పని. మిగతాదంతా హాజరు పట్టీ.

నేను ఎప్పుడు సీనియర్‌నయ్యానో, ఏ కమిటీలో కూర్చున్నానో మీకు పనికిరాదు. ఒకే ఒక పాఠం గురించి చెబుతాను. దాని విషయంలో నేనింకా స్థిమితపడలేదు. స్థిమితపడ్డాక రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. అది జరిగేలా లేదు కనుక ఇలాగే రాస్తున్నాను.

పాఠం సంగతి

ఎనభైల మొదట్లో మా డిగ్రీ పిల్లలకు పెట్టిన ఇంగ్లీషు పుస్తకంలో ఒక కథ ఉండేది. రాసినది ఒక బ్రిటిష్ అధికారి. ఇక్కడ కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, స్వదేశం వెళ్ళి, ఆ అనుభవాలతో పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్న బాపతు. అలాంటివాళ్ళు ఆ కాలంలో చాలామంది. ఆయన పేరు ఇక్కడ అనవసరం.

కథ చిన్నది. వానాకాలంలో ఒక దొర నల్లరేగడి నేలల్లో క్యాంపు తిరుగుతుంటాడు. దారిలో వాగు పొంగుతుంది. గుర్రం నీళ్ళలోకి దిగనంటుంది. అప్పుడు నౌకరు దొరను భుజాల మీద ఎక్కించుకుని, గొంతు దాకా నీళ్ళలో నడిచి అవతలి ఒడ్డుకు చేరుస్తాడు. చలికి జ్వరం తగులుకుని తర్వాత గుడారంలోనే చనిపోతాడు. దొర ఏడుస్తాడు. తన సొంత ఖర్చుతో సమాధి కట్టించి, రాతి మీద 'నమ్మకమైన సేవకుడు' అని చెక్కిస్తాడు. కథ అక్కడితో అయిపోతుంది.

కథ బాగుంటుంది. ఆ మాట ముందే ఒప్పుకోవాలి. వాగు పేరా చదువుతుంటే బురద మన కాళ్ళకు అంటుకుంటుంది. దొర దుఃఖం నాటకమని కూడా నేను అనను. కానీ గుర్రం పేరు సుల్తాన్. కుక్క పేరు డైసీ. ఆ నౌకరుకు మాత్రం కథ మొత్తంలో పేరు లేదు. సమాధి రాతి మీద కూడా లేదు. దొర ఏడ్చిందీ నిజమే, పేరు రాయాలని ఆయనకు తోచకపోవడమూ నిజమే. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి, ఒకే పేజీలో ఉన్నాయి. సామ్రాజ్యం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే పన్నులూ తుపాకులూ చూపిస్తారు. నేనైతే ఆ పేజీ చూపిస్తాను.

తిట్టమన్నవాళ్ళు, పొగడమన్నవాళ్ళు

అలా చూపించడం అంత తేలిక కాదు. మా ప్రిన్సిపాల్ గారు ఖద్దరు మనిషి, చరిత్ర మేష్టారు. పుస్తకం వచ్చిన కొత్తలో నన్ను గదిలోకి పిలిచారు.

"ఆ దొర పాఠం మొదలుపెట్టేముందు నాలుగు తిట్టండమ్మా. లేకపోతే పిల్లలు వాడే మంచివాడనుకుంటారు."

"తిట్టాక పాఠంలో ఏం చెప్పనండీ?"

"తిట్టాక ఇంకేం చెబుతారు? బెల్లు కొడతారు."

మా ఆఫీసు గుమాస్తా దేవసహాయం గారు చర్చిలో పెద్ద. ఆయన బాధ వేరు. "మేడం, మా తాత చేత పలక పట్టించింది దొరలు. బావి దగ్గరికి రానివ్వనోళ్ళు ఎవరో నేను మీకు చెప్పక్కర్లా. మా పిల్లల చేత దొరల్ని తిట్టించబాకండి."

ఆయన తాత చదివిన బడి పెట్టింది అమెరికా మిషన్ అనీ, ఈ కథ రాసింది ఇంగ్లండు సర్కారు అధికారి అనీ, ఇద్దరూ ఒకటి కాదనీ చెప్పబోయాను. "తెల్లోళ్ళేగా" అన్నారాయన. ప్రిన్సిపాల్ గారితోనూ అదే సంగతి అంటే ఆయనా సరిగ్గా ఆ మాటే అన్నారు. ఒకరు కృతజ్ఞతతో, ఒకరు కోపంతో. ఇద్దరిలో ఎవరూ కథ చదవలేదు.

ఇద్దరి మాటలోనూ అబద్ధం లేదు. కానీ క్లాసులో కూర్చున్న పిల్లల్లో సగం మంది ఒకరి ఇంటి నుంచి, సగం మంది మరొకరి ఇంటి నుంచి వచ్చినవాళ్ళే. నేను ఏ పక్కకు ఒరిగినా రెండో పక్కవాళ్ళు పుస్తకం మూసేస్తారు. అందుకని నేను తిట్టలేదు, పొగడలేదు. పెన్సిల్ తీసి పాఠంలో ఉన్న పేర్లన్నిటి కింద గీత గీయమన్నాను. అంతే.

ఎస్తేరు

గీతలు గీశాక మొదట లేచింది ఎస్తేరు. రెండో బెంచీ చివర కూర్చునేది. ఆమె ఇంగ్లీషు ఏమంత బాగుండేది కాదు, ఒకే వాక్యంలో మూడు కాలాలు కలిపేసేది. కానీ చదివింది వదిలిపెట్టేది కాదు.

"మేడం, గుర్రానికి పేరుంది, కుక్కకి పేరుంది. మోసినాయనకే లేదండి."

వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు అన్నాడు: "నౌకరు అన్నాడుగా. అదే పేరు."

"నిన్ను మీ నాన్న ఒరేయ్ అంటాడు. అదేనా నీ పేరు?" అంది, వెనక్కి తిరగకుండానే.

క్లాసంతా నవ్వింది. ఆ కుర్రాడూ నవ్వాడు. ఆ రోజుకు నేను చెప్పాల్సింది మిగల్లేదు.

ఎస్తేరుకు తండ్రి లేడు. తల్లి మార్తమ్మ గుంటూరులో మిరపకాయల గోడౌన్లలో తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఎస్తేరు కూడా సెలవుల్లో వెళ్ళేది. తిరిగి కాలేజీకొచ్చిన మొదటి వారం చేతులు మండుతున్నాయని పెన్ను సరిగ్గా పట్టుకునేది కాదు. ఆఖరు సంవత్సరంలో ఆమెకు ఒక ఆశ పుట్టింది. చర్చివాళ్ళు తమ ఊళ్ళోని ఎలిమెంటరీ బడిలో టీచరు ఖాళీ ఉందనీ, డిగ్రీ పాసైతే జూన్‌లో చేర్చుకుంటామనీ, ట్రైనింగు తర్వాత చేసుకోవచ్చనీ అన్నారు. మిగతా సబ్జెక్టులకు ఆమెకు భయం లేదు. భయమంతా ఇంగ్లీషే. అది పోతే జూన్‌లో ఆ కుర్చీ వేరే వాళ్ళది, ఎస్తేరుది గోడౌను.

పరీక్షలకు వారం ముందు ఆమె ఒక బజారు గైడు పట్టుకొచ్చింది. ఎవరో చుట్టాలమ్మాయి దగ్గర తీసుకుందట.

"మేడం, రామయ్య ఎవరండి?"

చూశాను. గైడులో నౌకరు పాత్ర చిత్రణ ఉంది. పాత్ర చిత్రణ అంటే పైన ఒక పేరు వేయాలి కదా. కథలో దొరకలేదు కనుక గైడు రాసినాయన తనే ఒకటి పెట్టేశాడు. రామయ్య విశ్వాసపాత్రుడు, రామయ్య ధైర్యశాలి, రామయ్య దైవభీతి గలవాడు. పేజీన్నర పొడుగునా రామయ్య. మూడు జిల్లాల పిల్లలు దాన్నే బట్టీ పడుతున్నారు. ఇలాంటి పొరపాటు మన వృత్తిలోనే సాధ్యం. ప్రతి పాఠానికీ పాత్ర చిత్రణ ఉండి తీరాలని పట్టుబట్టేది మనమే.

"పుస్తకంలో ఉన్నాడా?" అన్నాను.

"లేడండి."

"లేనివాణ్ణి రాయకు. ఎవరైనా అడిగితే లేడని రాయి."

ఈ మాట అన్నందుకు నేను ఇప్పుడూ చింతించను. మళ్ళీ అడిగినా అదే చెబుతాను. కానీ అన్న మాట వెనక నడవాల్సి వస్తుందని ఆ పూట నేను అనుకోలేదు.

పరీక్ష

ఇంగ్లీషు పేపరు రోజు హాలు నుంచి బయటికి రాగానే ఎస్తేరు నేరుగా స్టాఫ్ రూముకు వచ్చింది. ప్రశ్నపత్రం నా చేతిలో పెట్టి నిలబడింది. పదిహేను మార్కుల ప్రశ్న: రామయ్య పాత్రను చిత్రించండి. దానికి వేరే చాయిస్ కూడా లేదు.

యూనివర్సిటీ ప్రశ్నపత్రంలో, అచ్చులో, రామయ్య.

"ఏం రాశావు?"

"హాల్లో సారుని అడిగానండి. ఈ మనిషి పాఠంలో లేడు సార్ అన్నా. ఆయన కామర్స్ సారు. 'ఉన్నది రాసుకోమ్మా, లేనోడితో నాకేం పని' అన్నాడు. మీరు చెప్పినట్టే రాశానండి. ఈ కథలో రామయ్య లేడు, నౌకరు ఉన్నాడు, దొర అతని పేరు అడగలేదు, గుర్రం పేరు రాశాడు, ఏడ్చాడు, అయినా రాయి మీద పేరు రాయించలేదు. అతను పేరు అక్కర్లేని మనిషని దొర అనుకున్నాడు, అప్పుడు దొరలందరూ అట్టానే అనుకునేవాళ్ళు, అని రాశా. రెండు పేజీలు వచ్చింది." ప్రశ్నపత్రం వెనక్కి తీసుకుంటూ అంది: "గ్రామరు ఎట్టుందో తెలీదు."

మార్కుల లెక్క ఇద్దరమూ మనసులోనే వేసుకున్నాం. మిగతా ప్రశ్నల్లో ఆమెకు వచ్చేవి నాకు తెలుసు. ఇది సున్నా అయితే పేపరు పోతుంది.

ఆ ఆదివారం మార్తమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మంటే, ఒంటి మీద మిరప ఘాటు ఉంది, మీకు దగ్గొస్తుందని మెట్టు మీదే కూర్చుంది.

"ఏదో ఒక పేరు పెడితే ఏం పోయిందమ్మగారూ? వాళ్ళే రామయ్య అన్నారంటగా. రామయ్య అని రాసేస్తే పాసయ్యేదంటగా."

"కథలో ఆ పేరు లేదు మార్తమ్మా."

"లేకపోతే లేదు. సచ్చినోడు వచ్చి అడుగుతాడా? ఇది జూన్‌లో బడికి పోవాల్సిన పిల్ల. మా బడి దొరలు పెట్టిందేనాయె. దొరల మీద రాశానని పోయి చెప్పిందంటే ఇంక ఆ ఉద్యోగం కూడానా?"

"దొరల మీద రాయలేదమ్మా. దొర రాసిన దాని మీద రాసింది."

మార్తమ్మ నా వంక చూసిన చూపు నాకు గుర్తుంది. ఆ తేడా ఆమెకు అర్థం కాలేదని కాదు. ఆ తేడా వల్ల తన కూతురికి ఏం ఒరుగుతుందని.

మూల్యాంకనం

పేపర్లు దిద్దడానికి యూనివర్సిటీలో క్యాంపు వేసేవారు. పేపర్ల మీద పేర్లుండవు, ఏ కట్టలో ఎవరిది ఉందో తెలియదు. ఎస్తేరు పేపరు నా చేతికి వచ్చే అవకాశం లేదు, రాకూడదు కూడా. చేయగలిగింది ఒక్కటే. దిద్దడం మొదలుకాకముందే ఆ ప్రశ్నకు అందరికీ వర్తించే నియమం మార్పించాలి.

చీఫ్ ఎగ్జామినర్‌ను ఇక్కడ శేషగిరిరావు గారు అంటాను. పాతికేళ్ళ సర్వీసు ఉన్న మనిషి, చెడ్డవాడు కాదు. ప్రశ్నపత్రం కూర్చింది ఆయనేనని క్యాంపులో అందరికీ తెలుసు. ఎవరూ అనరు. మొదటి రోజు ఉదయం మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఏ ప్రశ్నకు ఏం రాస్తే ఎన్ని మార్కులో చదువుతున్నారు.

"రామయ్య పాఠంలో ఏ పేజీలో ఉన్నాడండీ?" అని అడిగాను.

"మీరు పాఠం చెప్పలేదా మేడం?"

"చెప్పాను. అందుకే అడుగుతున్నాను."

"గైడులో మొదటి పేజీలోనే ఉన్నాడు మేడం" అన్నాడు వెనక నుంచి ఒక కుర్ర లెక్చరరు. అందరూ నవ్వారు. శేషగిరిరావు గారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నౌకరు అని అర్థం అవుతూనే ఉందిగా. పిల్లలకు సులువుగా ఉంటుందని ఒక పేరు."

"అతనికి పేరు లేకపోవడమే పాఠం కదండీ. ఆ రచయిత ఇక్కడి మనుషుల్ని ఎలా చూశాడో అందులోనే ఉంది. మనం పేరు పెట్టేస్తే ఆయన తప్పు మనం కప్పేసినట్టు."

"చూడండి మేడం. సామ్రాజ్యవాదం ఎమ్మే వాళ్ళకు చెప్పండి. ఇది పార్ట్ వన్ ఇంగ్లీషు, పొలం పిల్లలు గట్టెక్కాల్సిన పేపరు. అయినా ఒక మాట అడుగుతాను. దొర పేరు పెట్టకుండా వదిలేశాడు. మనవాళ్ళు పాపమని ఒక పేరు పెట్టారు. మీరొచ్చి దాన్ని కొట్టేయమంటున్నారు. ఇద్దరిలో ఆ నౌకరుకు ఎవరు మేలు చేసినట్టు?"

ఆ ప్రశ్నకు ఇప్పటికీ ఒక్కోరోజు ఒక్కో జవాబు తోస్తుంది.

"అది తర్వాత తేలుద్దాం. పుస్తకం చదివి, రామయ్య లేడని రాసిన పిల్లకు సున్నా వేస్తారా?" అన్నాను.

"అట్టాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు లెండి."

"ఒక్కరున్నా చాలు. ప్రశ్న తప్పని ప్రకటించండి."

"తప్పని ప్రకటిస్తే రేపు పేపర్లో పడుతుంది. మీ పేరు, నా పేరు, యూనివర్సిటీ పేరు." ఈ పేర్లంటే మాత్రం ఆయనకు బాగా పట్టింపు.

మధ్యాహ్నం భోజనాల వరకు సాగింది. చివరికి ఒక నియమం రాయించారు: రామయ్య అని రాసినా, నౌకరు అని రాసినా, పేరు లేదని రాసినా, కథలోని విషయం ఉంటే ఒకే తీరున మార్కులు వేయాలి. నేను గెలిచానని పక్కవాళ్ళు అన్నారు. నిజానికి జరిగింది ఏమిటంటే, సరైన జవాబునూ తప్పు జవాబునూ ఒకే తక్కెడలో వేశారు. దానికి నేను తల ఊపాను. ఊపకపోతే ఆ పిల్లకు సున్నా.

అద్దంకి రామయ్య

తర్వాత నా బల్ల మీదికి కట్టలు రావడం మొదలైంది. రామయ్య విశ్వాసపాత్రుడు, రామయ్య ధైర్యశాలి. ఒకరి తర్వాత ఒకరు. చెయ్యి దానంతట అదే మార్కులు వేసేది.

ఒక పేపరు దగ్గర ఆగాను. ఏ ఊరి పిల్లవాడో. గైడు మాటలు మధ్యలో మర్చిపోయినట్టున్నాడు, సొంతంగా అల్లాడు. రామయ్యది అద్దంకి దగ్గర పల్లెటూరు. అతనికి ఇద్దరు పిల్లలు. వాగు దాటుతున్నప్పుడు వాళ్ళు గుర్తొచ్చారు. అతను చనిపోయాక గుర్రాన్ని ఎవరు చూసుకున్నారో దొర రాశాడు కానీ, రామయ్య భార్యకు కబురు ఎవరు చెప్పారో రాయలేదు.

అందులో చివరి వాక్యం తప్ప ఏదీ కథలో లేదు. ఆ చివరి వాక్యం మాత్రం కథలో నేను ఇన్నేళ్ళుగా చూడనిది. పేరు లేదని చెప్పి ఎస్తేరు చూపించిన చోటునే ఈ పిల్లవాడు పేరు పెట్టి చూపించాడు. నేను పుస్తకానికి కట్టుబడే మనిషిని. లేనిది రాయొద్దని అప్పటికి ఇరవై ఏళ్ళుగా చెబుతున్నదాన్ని. ఆ పేపరుకు ఎన్ని మార్కులు వేయాలో నాకు తెలియలేదు. నియమం ప్రకారం అందరితో సమానంగా వేశాను. పక్కకు పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ అంతే వేశాను.

దొర రచనను తిట్టడానికీ పొగడడానికీ వచ్చిన పిల్లల కంటే ఇలాంటి పిల్లలకు చోటివ్వండి. వాళ్ళ జవాబు మీ కొలతకు సరిపోకపోతే కాసేపు మీ కొలతను అనుమానించండి. నేను చెప్పగలిగేది ఇంతే. ఎంత కాసేపు అన్నది నాకూ తెలియదు.

జూన్

ఎస్తేరు పాసైంది. బొటాబొటిగా, కానీ పాసైంది. మార్తమ్మ దోసెడు ఎండుమిరపకాయలు కొంగున కట్టుకొచ్చి మా వంటింట్లో పెట్టింది. ఈసారి లోపలికి వచ్చింది. కూతురు మాత్రం నవ్వలేదు.

"మేడం, రామయ్యని రాసినోళ్ళకి కూడా అన్నే మార్కులంటగా."

"అవును."

"అయితే నేను రాసింది కరెక్టని వేసినట్టు కాదుగా. పోనీలే అని వేసినట్టు."

"నోర్మూసుకోవే. పాసయ్యావుగా" అంది మార్తమ్మ.

"రీవాల్యుయేషన్‌కి కడతానండి."

అప్పట్లో మా దగ్గర మళ్ళీ దిద్దాక మార్కులు తగ్గితే తగ్గినవే ఖాయం. రెండోసారి దిద్దేవాడు ఆ నియమం పట్టించుకోకపోయినా, గ్రామరు చూసి చిరాకుపడ్డా, డిగ్రీ పోతుంది, దానితో బడి పోతుంది. ఇదంతా విడమరిచి చెప్పాను. వద్దన్నాను. చెప్పినంతసేపూ వింది.

"మీరేగా మేడం, లేనిది రాయొద్దన్నారు. రాయలేదు. ఇప్పుడు సరేలే అంటే ఎట్టాగండి?"

"వినవే. అమ్మగారు కూడా వద్దంటంది" అంటూ మార్తమ్మ ఆమె భుజం మీద చరిచింది. ఎస్తేరు వినలేదు. దేవసహాయం గారి కిటికీ దగ్గరకు వెళ్ళి తనే కట్టి వచ్చింది. ఆయన కూడా వద్దని చెప్పి చూశారట. ఆ సోమవారమే బడిలో చేరింది. ఫలితం వచ్చేదాకా ఆ కుర్చీ తనది అవునో కాదో తెలియకుండానే అందులో కూర్చుంది. నా మాట మీద నడిచిన పిల్ల, నా మాట మీద ఆగలేదు.

వానలు పట్టాక జవాబు వచ్చింది. మార్పు లేదు. పెరగలేదు, తగ్గలేదు. ఆ సంగతి చెప్పడానికి ఎస్తేరు బడి నుంచి నేరుగా వచ్చింది, చీర అంచు బురదలో తడిసి ఉంది. డబ్బూ పోయె, మార్కూ రాకపోయె అని తల్లి తిడుతోందని చెప్పింది.

"ఏం సాధించావే?" అని నేనూ అడిగాను, తల్లిలాగే.

తడిసిన చీర అంచు పిండుకుంది.

"వాళ్ళు రెండోసారి చదవాల్సొచ్చిందిగా మేడం" అంది.